కంటైనర్ మాట తర్వాత, ముందు మచ్చు తెప్పించుకోండి

ప్రశ్న: సార్, నమస్తే. మాది విజయవాడ. గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్‌లో ఎనిమిదేళ్లుగా మసాలా దినుసుల కొట్టు నడుపుతున్నాను. హోటళ్లకు, బిర్యానీ పాయింట్లకు, మసాలా పొడి చేసేవాళ్లకు దాల్చిన చెక్క, లవంగాలు, అనాస పువ్వు వేస్తుంటాం. ఇప్పటిదాకా చెన్నై, ముంబై వ్యాపారుల దగ్గరే కొంటున్నాను. నేరుగా బయటి దేశం నుంచి తెప్పించుకుంటే వాళ్ల లాభం మాకే మిగులుతుంది కదా అనిపిస్తోంది. ఆన్‌లైన్‌లో పరిచయమైన ఒక వియత్నాం సప్లయర్ దాల్చిన చెక్క మన ఓడరేవు దాకా కిలో 300 రూపాయలకు ఇస్తానంటున్నాడు. 5 టన్నులకు 15 లక్షలు. సగం డబ్బు ముందే పంపమంటున్నాడు. నా దగ్గర 12 లక్షలున్నాయి. మా ఆవిడ నగలు బ్యాంకులో పెట్టి ఇంకో 8 లక్షలు తెద్దామనుకుంటున్నాను. దుబాయ్‌లో ఉన్న మా బావమరిది అక్కడి నుంచి గసగసాలు కూడా పంపిస్తానంటున్నాడు. ఏ లైసెన్సులు కావాలి? ఈ బేరానికి వెళ్లొచ్చా? ఆలోచించి ఆలోచించి టెన్షన్ పెరిగిపోతోంది.
— విజయవాడ నుంచి ఒక పాఠకుడు

సమాధానం:

తమ్ముడూ, ముందు మీ ఆవిడ నగల సంగతి మాట్లాడుకుందాం. లైసెన్సుల సంగతి తర్వాత. ఆ 8 లక్షలు ఈ పనిలో పెట్టకండి. ఎందుకు వద్దంటున్నానో కాగితం మీద లెక్క వేస్తే మీకే తెలుస్తుంది.

సప్లయర్ చెప్పిన 15 లక్షలు సరుకు, ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ కలిపి మన రేవు దాకా అయ్యే ధర. దీన్నే సీఐఎఫ్ అంటారు. కస్టమ్స్ వాళ్లు సుంకం వేసేది దీని మీదే. దాల్చిన చెక్కకు మామూలు దిగుమతి సుంకం 30 శాతం. అంటే 4 లక్షల 50 వేలు. ఆ సుంకం మీద 10 శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జి, 45 వేలు. ఇప్పటికే 19 లక్షల 95 వేలు అయింది. ఈ మొత్తం మీద 5 శాతం ఐజీఎస్టీ, అంటే దిగుమతి మీద వేసే జీఎస్టీ, ఇంకో 99,750. అన్నీ కలిపితే 20 లక్షల 94 వేల 750 రూపాయలు. ఐజీఎస్టీ తర్వాత మీ జీఎస్టీ లెక్కలో సర్దుబాటు అవుతుంది, నిజమే. కానీ సరుకు బయటికి రావాలంటే ముందు ఆ డబ్బు కట్టాల్సిందే.

నగలు కుదువ పెట్టి కూడగట్టిన 20 లక్షలూ రేవు గేటు దాటకముందే అయిపోయాయి, చూశారా? ఇంకా రేవులో సరుకు విడిపించే క్లియరింగ్ ఏజెంట్ ఫీజు, షిప్పింగ్ కంపెనీ డెలివరీ ఆర్డర్ చార్జీలు, కంటైనర్ యార్డు చార్జీలు, శాంపిల్ టెస్టు ఫీజులు, లారీ కిరాయి, హమాలీ, తరుగు ఏవీ కలపలేదు. ఐజీఎస్టీ తీసేసి చూసినా చెక్క మీకు కిలో 399కి పడింది. మిగతా ఖర్చులతో 400 దాటిపోతుంది. చెన్నై వ్యాపారి మీకు కొట్టు దగ్గరికి చేర్చి, నెల రోజులు అరువిచ్చి అమ్మే రేటును 300తో పోల్చకండి. ఈ 400 పైచిలుకుతో పోల్చండి. ఆయన లాభం అని మీరనుకుంటున్న దాంట్లో పెద్ద వాటా సుంకానిదే.

వియత్నాం ఆసియాన్, అంటే ఆగ్నేయాసియా దేశాల కూటమిలో ఉంది కాబట్టి ఆ కూటమితో మనకున్న ఒప్పందం కింద కొన్ని సరుకులకు సుంకం తగ్గుతుంది. మీ సరుకు హెచ్ఎస్ కోడ్, అంటే కస్టమ్స్ వాళ్లు సరుకుని గుర్తించే నంబరు చెప్పి, దానికి తగ్గింపు ఉందో లేదో, ఉంటే ఎంతో ఏజెంట్‌తో రాతపూర్వకంగా తీసుకోండి. తగ్గింపు కావాలంటే సప్లయర్ ‘ఫారం ఏఐ’ అనే మూల ధ్రువపత్రం ఇవ్వాలి. 2020 సెప్టెంబర్ 21 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం ఆ కాగితం ఒక్కటే చాలదు. సరుకు నిజంగా అక్కడ పండిందేనని చూపించే సమాచారం దిగుమతిదారు దగ్గర కూడా ఉండాలి, అయిదేళ్లు దాచాలి. అడిగినప్పుడు చూపించలేకపోతే తగ్గింపు పోతుంది. అందుకే మొదటిసారి లెక్క పూర్తి సుంకంతోనే వేసుకోండి. తగ్గితే సంతోషం.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కంగారు పెట్టిన మాట దగ్గరికి వస్తాను. అది ‘దాల్చిన చెక్క’ అన్న మాట.

నేను బేగంబజార్‌లో గుమాస్తాగా చేరి, కొన్నేళ్లకు సొంతంగా దిగుమతి మొదలుపెట్టాను. నా మొదటి కంటైనర్ కూడా ఈ చెక్కే. సరుకు బాగుంది, రేటు కుదిరింది. సప్లయర్ ఇన్వాయిస్ మీద, సంచుల మీద ‘సినమన్’ అని వేశాడు. మన నోటికి కూడా అదే అలవాటు కాబట్టి నేను పట్టించుకోలేదు. రేవులో మచ్చు తీసినప్పుడు తేలిందేమిటంటే, కాగితం మీద ఉన్నది సినమన్, సంచిలో ఉన్నది కేసియా అనే మరో రకం చెక్క. మన ఆహార భద్రతా నిబంధనల్లో ఈ రెండూ వేర్వేరు సరుకులు, వేర్వేరు ప్రమాణాలు. కస్టమ్స్ కోడ్ కూడా వేరే. అసలు సినమన్‌ది 0906 11, కేసియా 0906 19 కిందికి వస్తుంది. కాగితాలు సరిచేయించుకుని, మళ్లీ టెస్టులు చేయించుకుని, పెట్టె బయటికి తెచ్చుకునేసరికి 43 రోజులు. ఆ రోజులన్నిటికీ కంటైనర్ అద్దె డాలర్లలో, యార్డు అద్దె రూపాయల్లో కట్టాను. వానాకాలం కావడంతో తలుపు దగ్గరున్న సంచులు చెమ్మ పట్టాయి. సరుకులో దోషం లేదు, మోసం చేసినవాళ్లూ ఎవరూ లేరు. నేను ఒక్క పదం చదవకుండా సంతకం పెట్టాను, అంతే. ఆ సంవత్సరం మా ఇంట్లో దసరాకి కొత్త బట్టలు కొనలేదు.

మీరు ఎనిమిదేళ్లుగా అమ్ముతున్నారు కాబట్టి చేతికి తెలిసే ఉంటుంది, అయినా ఒకసారి చెబుతాను. అసలు సినమన్ శ్రీలంక నుంచి వస్తుంది. కాగితంలా పల్చటి పొరలు ఒకదానిలో ఒకటి చుట్టి చుట్టలా ఉంటుంది. వేళ్ల మధ్య నలిపితే పొడి అయిపోతుంది, వాసన మెత్తగా, తియ్యగా ఉంటుంది. అక్కడ ఆల్బా, సీ5, సీ4 అని గ్రేడులు. వాటిలో ఆల్బా అన్నిటికన్నా సన్నం, ఖరీదు కూడా ఎక్కువ. వియత్నాం, చైనా, ఇండోనేషియాల నుంచి వచ్చేది కేసియా. మందంగా, ఒకే పొరగా, కరకుగా ఉంటుంది. ఘాటు ఎక్కువ. మన బిర్యానీల్లో పడేది ఎక్కువగా ఇదే, మన కొట్లలో ‘దాల్చిన చెక్క’ అని అమ్ముడయ్యేదీ ఎక్కువగా ఇదే. కొట్లో ఏ పేరుతో అడిగినా పర్వాలేదు. కానీ ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, ఫైటో సర్టిఫికెట్ (మొక్కల ఆరోగ్య పత్రం), సంచి మీద లేబుల్, ఈ నాలుగింటి మీదా ఒకే పేరు, ఒకే శాస్త్రీయ నామం, ఒకే తూకం ఉండాలి. సప్లయర్ డ్రాఫ్టు పంపగానే ఓడ ఎక్కకముందే మీ ఏజెంట్‌కి పంపి చదివించండి. ఓడ కదిలాక ప్రతి అక్షరం దిద్దడానికీ డబ్బే.

లైసెన్సుల గురించి అడిగారు. ఇది మీరు భయపడుతున్నంత కష్టం కాదు. విదేశీ వాణిజ్య శాఖ, అంటే డీజీఎఫ్‌టీ వెబ్‌సైట్‌లో పాన్ మీద ఐఈసీ, అంటే దిగుమతి-ఎగుమతి కోడ్ తీసుకోవాలి. ఫీజు 500 రూపాయలు. ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపు దాన్ని అప్‌డేట్ చేయాలి, మార్పులేమీ లేకపోయినా సరే, లేదంటే పనిచేయకుండా ఆగిపోతుంది. కొట్టుకి మీకు ఇప్పటికే ఉన్న ఫుడ్ లైసెన్స్ దిగుమతికి పనికిరాదు. కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర దిగుమతిదారుగా సెంట్రల్ లైసెన్స్ విడిగా తీసుకోవాలి, ఏడాదికి 7,500. మీ బ్యాంకు ఏడీ కోడ్, అంటే విదేశీ చెల్లింపులు చేసే బ్యాంకు శాఖ నంబరు, కస్టమ్స్ పోర్టల్‌లో నమోదై ఉండాలి. ఇక మొక్కల క్వారంటైన్ వాళ్లు. చెక్క, పువ్వు, గింజ ఏదైనా మొక్క నుంచి వచ్చిందే కదా, అందుకే వియత్నాం ప్రభుత్వం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ తప్పనిసరి. మీ సరుకుకి ముందస్తు ఇంపోర్ట్ పర్మిట్ కావాలా, పురుగు చావడానికి పొగ పట్టించడం ఎలా చేయాలి, ఏ రేవు ద్వారా రావాలి అనేవి అడ్వాన్స్ పంపేలోపే తేల్చుకోండి. సంచులు కలప ప్యాలెట్ల మీద వస్తుంటే ప్యాలెట్ల మీద ఐఎస్‌పీఎం 15 ముద్ర, అంటే ఆ కలపను పురుగు లేకుండా శుద్ధి చేశారన్న గుర్తు, ఉందో లేదో ఫొటో తెప్పించుకోండి. దాల్చిన చెక్కలో ఏ పురుగూ లేకపోయినా ముద్రలేని ప్యాలెట్ వల్ల ఆగిపోయిన సరుకు నేను చూశాను.

సంచి లేబుల్ గురించి ఒక్కమాట. దిగుమతిదారు పేరు, చిరునామా, ఎఫ్ఎస్ఎస్ఏఐ లోగో, లైసెన్స్ నంబరు, పచ్చ చుక్క, వీటిని మన రేవులో కస్టమ్స్ ఆవరణలోనే స్టిక్కర్‌గా అంటించుకోనిస్తారు. సరుకు పేరు, లాట్ నంబరు, ప్యాకింగ్ తేదీ, గడువు తేదీ లాంటివి మాత్రం అక్కడి నుంచే సంచి మీద ఉండి రావాలి. దిగే సమయానికి గడువులో 60 శాతమైనా మిగిలి ఉండాలి, లేదా గడువు ముగియడానికి మూడు నెలలైనా ఉండాలి. ఈ రెంటిలో ఏది తక్కువైతే అది. చెక్కకి గడువు ఎక్కువే కాబట్టి ఇది మామూలుగా సమస్య కాదు. పాత స్టాకు అంటగట్టేవాళ్లతోనే సమస్య.

ఇక డబ్బు. సగం అడ్వాన్స్ అనేది మొదటి బేరంలో ఒప్పుకోకండి. ఆయన మోసగాడని నేను అనడం లేదు, నాకు తెలియదు. మీకూ తెలియదు. తెలియనివాడికి ఏడున్నర లక్షలు పంపి ఫోన్ దగ్గర కూర్చోవడం వ్యాపారం కాదు.

తెలుసుకునే దారులున్నాయి. వియత్నాంలో ప్రతి కంపెనీకీ 10 అంకెల పన్ను కోడ్ ఉంటుంది. అది అడగండి. దానితో అక్కడి ప్రభుత్వ రిజిస్ట్రేషన్ పోర్టల్‌లో కంపెనీ పేరు, చిరునామా దొరుకుతాయి. హనోయ్‌లోని మన రాయబార కార్యాలయంలో వాణిజ్య విభాగం ఉంది, ఫలానా కంపెనీతో వ్యాపారం చేయబోతున్నానని మెయిల్ రాయండి. ఇంతకుముందు మన దేశానికి పంపిన బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు) కాపీలు చూపించమనండి. ఒకరోజు వీడియో కాల్ చేసి గోదాములో నడుస్తూ చూపించమనండి. మీ పేరు కాగితం మీద రాసి సంచి మీద పెట్టమంటే నిజమైనవాడు రెండు నిమిషాల్లో పెడతాడు. బ్యాంకు ఖాతా కంపెనీ పేరు మీదే, ఆ దేశంలోనే ఉండాలి. ఖాతా ఇంకో దేశంలో ఉందని గానీ, వ్యక్తి పేరు మీద పంపమని గానీ అంటే అక్కడితో ఆగిపోండి.

ఇంకో మోసం ఉంది. ఇందులో సప్లయర్ తప్పేమీ ఉండదు. మీ ఇద్దరి మెయిళ్లు మధ్యలో ఎవరో చదువుతుంటారు. సరిగ్గా డబ్బు పంపే రోజున సప్లయర్ పేరుతోనే మెయిల్ వస్తుంది, ఆడిట్ జరుగుతోంది, ఈ కొత్త ఖాతాకి పంపండి అని. మెయిల్ అడ్రసులో ఒక్క అక్షరం తేడా ఉంటుంది, అంతే. ఖాతా మారిందన్న మెయిల్ వస్తే మొదటి నుంచి మీ దగ్గరున్న నంబరుకి ఫోన్ చేసి, నోటితో అడిగి, ఆ తర్వాతే పంపండి. నాకు బాగా కావలసిన ఒక కుటుంబం ఇలాగే నష్టపోయింది. ఆ సప్లయర్ నిజాయతీపరుడు, ఆయనకీ డబ్బు అందలేదు.

అడ్వాన్స్ 30 శాతం మించకుండా, మిగతా 70 శాతం బ్యాంకు ద్వారా కాగితాలు చూసి కట్టేలా అడగండి. ఒరిజినల్ కాగితాలు మీ బ్యాంకుకి వస్తాయి, మీరు డబ్బు కడితేనే అవి మీ చేతికిస్తారు. అయితే బ్యాంకు చూసేది కాగితాలనే, సంచిలో ఏముందో బ్యాంకుకి అక్కర్లేదు. అందుకే లోడింగ్ ముందు మూడో పక్షం తనిఖీ పెట్టించాలి. ఎస్‌జీఎస్, బ్యూరో వెరిటాస్, ఇంటర్‌టెక్ లాంటి సంస్థలు అక్కడ చేస్తాయి. ఆ ఫీజు మీరే కట్టండి. ఎవరు కడితే తనిఖీ చేసేవాడు వాళ్ల మనిషి అవుతాడు. ఇంకోమాట, మీరు పంపిన డబ్బుకి సరుకు వచ్చిందని బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే కస్టమ్స్‌లో వేసే దిగుమతి పత్రం, చూపించేదాకా మీ బ్యాంకు రికార్డులో అది తెరిచే ఉంటుంది. సరుకు రాకపోతే పోయిన డబ్బుతో పాటు బ్యాంకుకి సంజాయిషీ కూడా చెప్పుకోవాలి.

వీటన్నిటికంటే ముందు మచ్చు. గుంటూరు మిర్చి యార్డులో మచ్చు చూడకుండా ఎవరూ రేటు పలకరు. చెయ్యి సంచి అడుగు దాకా పెట్టి తీసి చూస్తారు. సముద్రం అవతలి సరుకుకి మాత్రం వాట్సాప్ ఫొటో చూసి లక్షలు పంపేస్తున్నారు. నాకు ఇది ఎంత బాధగా ఉంటుందో చెప్పలేను.

అమ్మబోయే లాటు నుంచే కిలో మచ్చు కొరియర్‌లో తెప్పించుకోండి. శాంపిల్‌కి ఏ కాగితాలు జత చేయాలో ఏజెంట్ చెబుతాడు. పాకెట్ విప్పగానే ముక్కు దగ్గర పెట్టుకోకండి, ఒక పళ్లెంలో పోసి అయిదు నిమిషాలు వదిలి అప్పుడు వాసన చూడండి. ముక్కిపోయిన వాసన, మట్టి వాసన ఉంటే అప్పుడు తెలుస్తుంది. ముక్క తీసి విరవండి. టప్‌మని విరగాలి. వంగి, పీచు లాగుతూ విడివడిందంటే తేమ ఎక్కువ. లోపలి వైపు తిప్పి వెలుగులో చూడండి, బూడిదరంగు మచ్చలు బూజు. ముక్క నోట్లో వేసుకుని నమిలితే ముందు తీపి, వెనకే ఘాటు రావాలి. ఘాటు లేకుండా చెక్కపొడి నమిలినట్టుంటే తైలం తీసేసిన సరుకు. 100 గ్రాములు కాటా మీద తూచి, పల్చగా పరిచి, రెండు రోజులు గాలికి ఆరబెట్టి మళ్లీ తూచండి. ఎంత తగ్గిందో అంత నీళ్లకు మీరు చెక్క రేటు, దాని మీద సుంకం కట్టబోతున్నారన్నమాట. ఆ తర్వాత ల్యాబ్. గుంటూరులో స్పైసెస్ బోర్డు ల్యాబ్ ఉంది, ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ప్రైవేటు ల్యాబులూ ఉన్నాయి. తేమ, తైలం శాతం, బూజు విషాలు, పురుగుమందుల అవశేషాలు, సల్ఫర్ డయాక్సైడ్ చూపించండి. సగం మచ్చు గాజు సీసాలో పోసి, మూత బిగించి, తేదీ రాసి దాచండి. సరుకు దిగాక గొడవ వస్తే ఆ సీసాయే మీ సాక్ష్యం. ఒప్పందంలో కూడా ‘ఫలానా తేదీ మచ్చు ప్రకారం, తేమ ఇంతకు మించకుండా, ముక్కలు ఇంత శాతం మించకుండా’ అని రాయించండి. ‘మంచి క్వాలిటీ’ అని రాస్తే దానికి అర్థం లేదు.

లోడింగ్ రోజు ఫొటోలు అడగండి. ఖాళీ కంటైనర్ లోపలి నేల, పైకప్పు, గోడలకు వేసిన క్రాఫ్ట్ పేపర్, వేలాడదీసిన తేమ పీల్చే సంచులు, చివరికి సీలు నంబరు. పగటి ఎండకి కంటైనర్ పైకప్పు కాలిపోతుంది, రాత్రి చల్లబడి లోపలి తేమ బొట్లు బొట్లుగా సరుకు మీద కురుస్తుంది. మా వాళ్లు దీన్ని పెట్టెలో వాన అంటారు. 5 టన్నులే కాబట్టి మీ సరుకు బహుశా వేరేవాళ్ల సరుకుతో కలిపి ఒకే కంటైనర్‌లో వస్తుంది. అలాగైతే పక్కన ఏం ఎక్కిస్తున్నారో తప్పక అడగండి. సబ్బులు, రబ్బరు, రసాయనాల పక్కన పెట్టిన చెక్క ఆ వాసన పట్టేస్తుంది, ఎన్ని రోజులు ఆరబెట్టినా పోదు. ఇన్సూరెన్స్ ఏ క్లాజ్ మీద తీసుకున్నాడో కూడా చూడండి. సీఐఎఫ్ బేరంలో సప్లయర్ కట్టాల్సిన కనీస పాలసీ ‘క్లాజ్ సీ’. ఓడ మునిగిపోవడం లాంటి పెద్ద ప్రమాదాలకే అది పనికొస్తుంది, వాన నీళ్లకు పనికిరాదు. కొంచెం ఎక్కువైనా ‘క్లాజ్ ఏ’ అడగండి.

రేవులో ప్రతి రోజుకీ ఖరీదుంది. బిల్ ఆఫ్ ఎంట్రీ ఓడ చేరే ముందురోజు లోపే వేయాలి. ఆలస్యమైతే మొదటి మూడు రోజులు రోజుకి 5,000, ఆ తర్వాత రోజుకి 10,000 జరిమానా. మంచి ఏజెంట్ ఓడ దారిలో ఉండగానే పని మొదలుపెడతాడు. మీ మొదటి ఖర్చు సరుకు మీద కాదు, అలాంటి ఏజెంట్ మీద పెట్టండి. మసాలా దినుసులు క్లియర్ చేసిన అనుభవం ఉందా అని అడిగి, ఆయన పాత ఖాతాదారులు ఇద్దరితో మాట్లాడండి. ఇంకొక సంగతి, జనవరి, ఫిబ్రవరిలో వచ్చే టెట్ పండగకి వియత్నాంలో పనివాళ్లు ఊళ్లకు వెళ్లిపోతారు. రంజాన్‌కి, పెళ్లిళ్ల సీజన్‌కి సరుకు చేతిలో ఉండాలనుకుంటే ఆ పండగకి చాలా ముందే ఓడ ఎక్కించాలి.

అనాస పువ్వు కూడా అమ్ముతున్నానన్నారు. రేపు దాన్ని తెప్పించే ఆలోచన వస్తే ఒక్క జాగ్రత్త మాత్రం మర్చిపోకండి. వియత్నాంలోని లాంగ్ సన్, చైనాలోని గ్వాంగ్‌షీ ప్రాంతాల్లో పండేది ఇల్లీసియం వెరమ్, మనం తినేది అదే. చూడ్డానికి అచ్చం అలాగే ఉండే జపాన్ రకం విషం. కంటితో చూసి చెప్పడం మీ వల్లా కాదు, నా వల్లా కాదు. శాస్త్రీయ నామం రాసిన కాగితం, ల్యాబ్ రిపోర్టు లేకుండా ఆ పువ్వు ముట్టుకోకండి. అది వెళ్లేది పిల్లలు తినే బిర్యానీలోకి.

మిరియాలు చవగ్గా ఇస్తామని కూడా మెసేజ్‌లు వస్తుంటాయి. కిలో సీఐఎఫ్ ధర 500 రూపాయల లోపు ఉంటే మిరియాలు దిగుమతి చేసుకోవడానికి వీల్లేదని ప్రభుత్వం 2018లో నిబంధన పెట్టింది. మన రైతు ధర పడిపోకూడదని తెచ్చిన నిబంధన అది. 400కి ఇస్తానన్నవాడికి ఆ సంగతి తెలియదు, లేదా ధర ఎక్కువ వేసి బిల్లు ఇస్తానంటాడు. రెండోదైతే ఇంకా ప్రమాదం.

గసగసాల విషయం మాత్రం గట్టిగా చెబుతున్నాను. మీ బావమరిదికి ఈరోజే ఫోన్ చేసి ఆ ఆలోచన మానుకోమనండి. యూఏఈలో గసగసాలు నిషేధం, మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి. ఊరి నుంచి వెళ్లేటప్పుడు అమ్మ కూరపొడుల మధ్య కట్టిచ్చిన చిన్న పొట్లంతో అక్కడి ఎయిర్‌పోర్టులో చిక్కుకున్న మనవాళ్లున్నారు. ఆయన అక్కడ గసగసాల కోసం వాకబు చేయడం కూడా మంచిది కాదు. మన దేశంలోకి గసగసాలు తేవాలంటే టర్కీలాంటి కొన్ని అనుమతించిన దేశాల నుంచే రావాలి, గ్వాలియర్‌లోని సెంట్రల్ బ్యూరో ఆఫ్ నార్కోటిక్స్ దగ్గర ఒప్పందం రిజిస్టర్ చేయించుకోవాలి, అక్కడి గసగసాల సాగు చట్టబద్ధమైనదని ఆ దేశ ప్రభుత్వ సంస్థ పత్రం ఇవ్వాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు చేయగలిగిన పని కాదు. మీకు కావలసినంత గసగసాలు ఇప్పుడు కొంటున్నచోటే బిల్లుతో కొనుక్కోండి.

మరి అసలు దిగుమతే వద్దా అంటే, కావాలి. ఎనిమిదేళ్ల ఖాతాదారులున్న మీలాంటి కొట్టువాడు నేరుగా తెచ్చుకోగలగాలి, అందులో అనుమానం లేదు. ముందు ఐఈసీ, సెంట్రల్ లైసెన్స్ తీసి పెట్టుకోండి, దానికి నగలు అక్కర్లేదు. మార్కెట్‌లో మీకు నమ్మకమున్న ఇద్దరు కొట్టువాళ్లను కలుపుకోండి. దిగుమతి ఒకరి పేరు మీదే ఉండాలి, మిగతా ఇద్దరూ ఎంత సరుకు ఏ లెక్కన తీసుకుంటారో ముందే రాసుకుని, సరుకు దిగాక మీ దగ్గర జీఎస్టీ బిల్లుతో కొనాలి. వాళ్ల వాటా డబ్బు ముందే మీ ఖాతాలో పడాలి. మీ 12 లక్షల్లో 7 లక్షలకు మించి ఇందులో పెట్టకండి. మిగతా 5 లక్షలు కొట్టు నడవడానికి. రెండు నెలలు ఓడ మీద డబ్బు ఇరుక్కున్నా హోటళ్లకు సరుకు ఆగకూడదు కదా. ముగ్గురి డబ్బూ కలిపి ఎంత అయితే, పూర్తి సుంకం, రేవు ఖర్చులు అందులోనే సరిపోయేంత సరుకే ఆర్డరివ్వండి. అది 5 టన్నులు కాకపోయినా పర్వాలేదు.

ఈ వారం ఆ సప్లయర్‌కి ఒక మెసేజ్ పెట్టండి. కంపెనీ పన్ను కోడ్ పంపమనండి. ఇప్పుడు గోదాములో ఉన్న లాటు నుంచి కిలో కేసియా మచ్చు పంపమనండి, కొరియర్ ఖర్చు మీదే అనండి. మచ్చు నచ్చితే 30 శాతం అడ్వాన్స్, మిగతాది బ్యాంకు ద్వారా, లోడింగ్‌కి ముందు మీరు పెట్టిన తనిఖీ అని రాయండి. రేటు గురించి ఇప్పుడేమీ మాట్లాడకండి. నిజంగా సరుకున్నవాడైతే వారంలో పాకెట్ మీ కొట్టుకి వస్తుంది. ఈ రేటు రేపటి దాకానే, ముందు డబ్బు పంపండి అని తొందరపెడితే ఆ నంబరుకి మళ్లీ జవాబివ్వకండి.